కన్నాల శాస్త్రము

చిల్లు అనే మాటకు మన భాషలో మంచి పేరు లేదు. కుండకు చిల్లు పడితే నీళ్ళు పోతాయి, జేబుకు చిల్లు పడితే డబ్బు పోతుంది, గోడకు కన్నం పడితే ఇంట్లో ఉన్నదంతా పోతుంది. సూదికి బెజ్జమూ, పిల్లనగ్రోవికి రంధ్రమూ, వంటింటికి గవాక్షమూ తప్పితే కన్నమన్నది ఎక్కడ కనబడినా పూడ్చవలసినదే అని మన పెద్దల అభిప్రాయం. కాని మేము పనిచేసే చోట సంగతి వేరు. అక్కడ డబ్బు పోసి, యంత్రం పెట్టి, లెక్క కట్టి మరీ రేకుకు కన్నాలు పొడుస్తారు. పొడిచిన తరువాత ఆ కన్నం ఎంతది, ఎక్కడున్నది, దేని కింద ఉన్నది అని నెలల తరబడి వాదించుకుంటారు. ఆ వాదాల కాగితాలు టైపు చేయడం, వాటిని దస్త్రాలలో పెట్టి అడిగినప్పుడు తీసి ఇవ్వడం మా ఉద్యోగం.

మేము ఇంజనీర్లము కాము. మెట్రిక్యులేషనుతో చదువు ముగించి గుమాస్తాగిరీలో ప్రవేశించినాము. నలభై దాటినవి, కళ్ళజోడు వచ్చినది, జీతం మాత్రం ఆ వేగాన రాలేదు. మా తాతల కాలం నుంచీ బెంగుళూరులోనే ఉంటున్నాము గనుక ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, ఆఫీసు కాగితం మీద ఇంగ్లీషు మాకు అలవాటు. ఈ పత్రిక చదివే వారిలో చాలామంది సంగతి ఇదే గదా! రెండు భాషలు వచ్చినవాడికి ఒక లాభమున్నది, ఒక నష్టమున్నది. లాభమేమంటే ఎవరు ఏమన్నా అర్థమవుతుంది. నష్టమేమంటే ఇద్దరి మధ్యా మాట తెగినప్పుడల్లా అతుకు వేయడానికి మనలనే పిలుస్తారు.

మా ఫ్యాక్టరీ చిన్నది. కంప్యూటర్లకు, వాటిని కలిపే యంత్రాలకు విద్యుత్తును తగు పాళ్ళలో అందించే ఇనుపరేకు పెట్టెలను తయారుచేస్తారు. గోడకు తగిలించే పెట్టె. లోపల ట్రాన్స్‌ఫార్మరు, కెపాసిటర్లు, వైర్లు. ఇవన్నీ పనిచేస్తున్నంతసేపూ వేడెక్కుతూనే ఉంటాయి. ఆ వేడి బయటికి పోకుంటే లోపలి సామానుకు ఆయువు తగ్గుతుంది. అందుచేత పెట్టెకు కన్నాలు ఉండితీరాలి. అయితే కన్నమన్నది వేడి పోవడానికి మాత్రమే దారి ఇచ్చి ఊరుకోదు. పిల్లవాడి వేలికి దారి ఇస్తుంది. బల్లికి దారి ఇస్తుంది. పైనుంచి జారిన పిన్నీసుకు దారి ఇస్తుంది. లోపల ఏదైనా అంటుకుంటే ఆ నిప్పు కిందికి రాలడానికీ దారి ఇస్తుంది. మూసితే ఒక బాధ, తెరిస్తే ఒక బాధ. ఈ రెండు బాధల మధ్య గీత ఎక్కడ గీయాలో చెప్పేదే ప్రమాణ గ్రంథం.

ఈ ప్రమాణాలు ఎక్కడివని పాఠకులు అడగవచ్చు. విద్యుత్ వ్యవహారాలకు అంతర్జాతీయంగా ఒక సంఘమున్నది. ఐ.ఇ.సి. అంటారు. 1906లో పుట్టినది, ఇప్పుడు జెనీవాలో ఉన్నది. మనదేశంలో 1947లో ఐ.ఎస్.ఐ. ఏర్పడింది. మన ఇళ్ళలోని ఇస్త్రీపెట్టెల మీద, స్విచ్చుల మీద ఆ ముద్ర చూచి కొనడం అందరికీ తెలిసినదే. 1987లో ఆ సంస్థ స్థానంలో బి.ఐ.ఎస్. వచ్చినది, ముద్ర పేరు మాత్రం నిలిచిపోయినది. 2012లో కేంద్ర ప్రభుత్వం ఒక ఉత్తరువు తీసి, కొన్ని ఎలక్ట్రానిక్ వస్తువులు బి.ఐ.ఎస్. దగ్గర రిజిస్టరు కానిదే అమ్మకూడదన్నది. అందులో మా పెట్టెల వంటి వాటికి వర్తించిన ప్రమాణం పేరు ఐ.ఎస్. 13252, మొదటి భాగం. అది ఐ.ఇ.సి. వారి 60950-1 అనే గ్రంథానికి మన దేశపు రూపం.

ఆ గ్రంథంలో కన్నాలకు ప్రత్యేకంగా ఒక ప్రకరణమే ఉన్నది. మాకు మొదట నవ్వు వచ్చినది. పెద్ద పెద్ద చదువులు చదివినవారు దేశదేశాల నుంచి వచ్చి కూర్చుని కన్నాల గురించి మాట్లాడుకున్నారా అని! తరువాత తరువాత నవ్వు పోయి గౌరవం కలిగినది.

దాని సారాంశం ఇది. పెట్టెకు పైభాగంలోను, పక్కలలోను ఉండే కన్నాలు ఏ వైపు కొలిచినా 5 మిల్లీమీటర్లు మించకూడదు. లేదా వెడల్పు 1 మిల్లీమీటరు మించని సందు అయితే పొడవు ఎంతైనా ఉండవచ్చు. లేదా పైనుంచి పడిన వస్తువు నిలువునా లోపలికి పోకుండా ఆ కన్నాన్ని కట్టి ఉండాలి. లేదా పక్క రేకును ఇంటి చూరులాగా బయటికి వంచి, పడేదానిని బయటికే జారేటట్లు చేయాలి. ఇట్లా మరికొన్ని ‘లేదా’లు. పైభాగానికి, పక్కలకు భయమల్లా బయటినుంచి లోపలికి పోయే వస్తువు గురించి.

అడుగు సంగతి వేరు. అడుగుకు భయం లోపలినుంచి బయటికి వచ్చే దానిని గురించి. లోపల ఒక కెపాసిటరు పగిలినా, వైరు తొడుగు అంటుకున్నా, కరిగి మండుతున్న బొట్లు కిందికి రాలుతాయి. ఆ బొట్టు పెట్టెలోనే ఆరిపోతే పోయినది ఒక పెట్టె. బయటికి వచ్చి కింద ఉన్న బట్ట మీదనో, చెక్క మీదనో పడితే పోయేది ఇల్లు. అందుచేత అడుగు కన్నాలకు నియమం చాలా కఠినం. 1 మిల్లీమీటరు మందం గల ఇనుపరేకు అడుగు అయితే గుండ్రని కన్నం వ్యాసం 2 మిల్లీమీటర్లు మించరాదు, ఒక కన్నం నడిమి నుంచి మరొక కన్నం నడిమికి 3 మిల్లీమీటర్లకు తక్కువ ఉండరాదు. రేకు బదులు తీగ జల్లెడ వేస్తే, దాని గళ్ళు 2 మిల్లీమీటర్లు మించకూడదు, తీగ 0.45 మిల్లీమీటరుకు సన్నం కాకూడదు.

జల్లెడ నిప్పును ఆపుతుందా అని మా ఇంటావిడ అడిగినది. ఆపుతుంది. ఈ సంగతి 1815లోనే ఇంగ్లండులో హంఫ్రీ డేవీ అనే శాస్త్రజ్ఞుడు కనిపెట్టినాడు. బొగ్గు గనులలో మండే వాయువు ఉంటుంది. దీపం తీసుకుపోతే పేలుడే. ఆయన దీపం చుట్టూ సన్నని తీగ జల్లెడ కట్టినాడు. జ్వాల జల్లెడను తాకగానే లోహం ఆ వేడిని లాగి నలుదిక్కులా పంచివేస్తుంది. అవతలి వైపు గాలి అంటుకునేంత వేడి మిగలదు. సన్నని కన్నం, చుట్టూ చాలినంత లోహం — ఈ రెండూ ఉంటేనే పని జరుగుతుంది. కన్నాల మధ్య ఎడం కూడా గ్రంథంలో ఎందుకు వ్రాసినారో దీనిని బట్టి తెలుసుకోవచ్చు.

పట్టికలో లేని కొలతతో అడుగు తయారుచేసినవారికి ఒక పరీక్ష ఉన్నది. ఇది చదివినప్పుడు మాకు వంటిల్లు జ్ఞాపకం వచ్చినది. పొడవాటి కాడ గల చిన్న గరిటెలో 10 మిల్లీలీటర్ల ఇంధన నూనె పోసి, వేడిచేసి, అంటిస్తారు. ఒక నిమిషం మండనిస్తారు. ఆ మండే నూనెను అడుగు కన్నాలకు ఇంచుమించు 100 మిల్లీమీటర్ల ఎత్తు నుంచి ధారగా పోస్తారు. కన్నాల కింద, 50 మిల్లీమీటర్ల దూరాన, చలువ చేసిన పలుచని నూలుగుడ్డ ఒక పొర పరచి ఉంటుంది. గుడ్డ అంటుకోరాదు. అయిదేసి నిమిషాల ఎడంతో కొత్త గుడ్డ పరచి మరి రెండుసార్లు ఇదే పని. మూడుసార్లూ గుడ్డ అంటుకోకుంటే అడుగు నెగ్గినట్టు. సీత అగ్నిప్రవేశం ఒక్కసారే, ఈ రేకుకు మూడుసార్లు!

ఇంతవరకు పేచీ లేదు. పై కన్నం పై కన్నమే, పక్క కన్నం పక్క కన్నమే, అడుగు కన్నం అడుగు కన్నమే అనుకుంటాము గదా! పేచీ అంతా ఒక చిన్న వాక్యంలో ఉన్నది. మండగల భాగం నుంచి కిందికి ఒక నిలువు గీత గీసి, దాని నుంచి బయటికి 5 డిగ్రీలు వాలుగా ఇంకొక గీత గీయాలట. ఆ వాలుగీత పోయి పక్క రేకును తగిలితే, తగిలిన చోటు నుంచి కిందనున్న పక్క రేకుకు కూడా అడుగు నియమమే వర్తిస్తుందట. అంటే కంటికి పక్కగా కనబడేది శాస్త్రానికి అడుగు!

2016లో మా పెట్టె ఒకటి పరీక్షకు పోయి తిరిగి వచ్చినది ఈ వాక్యం మూలంగానే. పక్క రేకు కింది భాగాన వరుసగా 4 మిల్లీమీటర్ల గుండ్రని కన్నాలు ఉన్నవి. పక్క కన్నాలకు 5 దాకా అనుమతి ఉన్నది గనుక మా ఇంజనీరు ధైర్యంగా పంపినాడు. పరీక్షశాల వారు ఒప్పుకోలేదు. మా ఇంజనీరు కుర్రవాడు, తెలివైనవాడు, కాని కోపిష్ఠి. “పక్కను పక్క అనక అడుగు అంటారేమిటి?” అని టెలిఫోనులో కేకలు వేసినాడు. ఆ కాగితాలన్నీ మా బల్ల మీదికి వచ్చినవి.

సాయంత్రం అందరూ వెళ్ళిన తరువాత మేము డ్రాయింగు ముందు పెట్టుకుని లెక్క వేసి చూచినాము. 5 డిగ్రీల వాలు అంటే 100 మిల్లీమీటర్లు దిగేసరికి ఇంచుమించు 9 మిల్లీమీటర్లు పక్కకు జరగడం. మా కెపాసిటరు పెట్టె అడుగు నుంచి 200 మిల్లీమీటర్ల ఎత్తున ఉన్నది. పక్క రేకుకు దానికి ఎడం 10 మిల్లీమీటర్లే. వాలుగీత 114 మిల్లీమీటర్లు దిగేసరికి పక్క రేకును తగిలినది. ఇక మిగిలిన 86 మిల్లీమీటర్ల రేకు పేరుకు పక్క, తీరుకు అడుగు. కన్నాలు సరిగ్గా అక్కడే ఉన్నవి. పరీక్షశాల వారి మాట న్యాయమే.

మరునాడు యజమాని గదిలో పంచాయితీ. యజమాని కూడా మనవారే, మూడు తరాల కిందట అనంతపురం వైపు నుంచి వచ్చిన కుటుంబం. ఇంజనీరు అన్నాడు: “కన్నాలు 2 మిల్లీమీటర్లు చేస్తే గాలి ఆడదు, పెట్టె ఉడికిపోతుంది.” ఈ మాట నిజమేనా అని మేము కాగితం మీద వేసి చూపినాము. 4 మిల్లీమీటర్ల కన్నాలు 6 మిల్లీమీటర్ల ఎడంతో ఉంటే, రేకులో తెరిచి ఉన్న భాగం నూటికి 35 పాళ్ళు. 2 మిల్లీమీటర్ల కన్నాలు 3 మిల్లీమీటర్ల ఎడంతో ఉన్నా నూటికి 35 పాళ్ళే. కన్నం సగమైనది, ఎడమూ సగమైనది, నిష్పత్తి మారలేదు. ఇది మెట్రిక్యులేషను లెక్కే. ఇంజనీరు ఒకసారి మా వంక చూచి, కాగితం తీసుకుని, “సన్నని కన్నం దుమ్ముతో త్వరగా పూడుతుంది, అయినా లెక్క సరే” అన్నాడు.

అప్పుడు మేస్త్రీగారు తల అడ్డంగా ఊపినారు. ఆయన కన్నడిగులు, ముప్పై ఏళ్ళుగా రేకుతో పని చేసినవారు. ఇప్పుడు 300 కన్నాలున్న చోట 1200 కన్నాలు పొడవాలి. 2 మిల్లీమీటర్ల పంచి సూది వంటిది, 1 మిల్లీమీటరు రేకులో మాటిమాటికి విరుగుతుంది. కొత్త డై కావాలి. ఆ డై ఖరీదు విని యజమాని చాలాసేపు మాట్లాడలేదు. ఆ నెలలో జీతాలే ఆలస్యమైనవి.

తరువాత ఆయన నెమ్మదిగా అన్నారు: “పరీక్షకు పోయే పెట్టెకు ఆ కన్నాల మీద లోపలినుంచి రేకు అంటించి పంపితే? డై సంగతి తరువాత చూచుకుందాము. ఏమప్పా, నీవేమంటావు?”

ఏమనవలెను? రిజిస్ట్రేషనుకు పోయే కాగితాలలో ఒక వాగ్దానపత్రం ఉంటుంది. పరీక్షకు ఇచ్చిన వస్తువు ఎట్లాంటిదో, అమ్మే వస్తువూ అట్లాంటిదే అని తయారుచేసేవాడు తనకు తానే చెప్పుకునే మాట అది. ఈ విధానమంతా ఆ మాట మీదనే నిలిచి ఉన్నది. దానిని టైపు చేసేది మేము, సంతకం ఆయనది. గుమాస్తా చేతికి పాపం అంటదని లోకం అంటుంది. మాకు ఆ నమ్మకం లేదు.

మేము ధర్మోపన్యాసం చేయలేదు. మా మేనత్త కథ చెప్పినాము. కోలారులో ఆమె ఇంట్లో ఒక వోల్టేజీ స్టెబిలైజరు ఉండేది. ఎవరు చేసినదో ఆ పేరు మనకు అనవసరం. ప్లాస్టిక్ పెట్టె, అడుగున వేలు పట్టేంత సందులు. చెక్క అలమారు మీద, మడత పెట్టిన నూలు తువాలు మీద దానిని పెట్టుకున్నారు, అలమారుకు గీతలు పడకూడదని. ఒక మధ్యాహ్నం ఏదో కాలిన వాసన వచ్చినది. అత్తయ్య వంటింట్లో పోపు మాడినదనుకుని పొయ్యి చూచుకున్నది. పొయ్యి ఆర్పే ఉన్నది. ముందుగదిలోకి వచ్చేసరికి పెట్టె లోపలినుంచి బొట్టు బొట్టుగా నిప్పు రాలుతున్నది, ఒక్కొక్క బొట్టూ చిరుశబ్దంతో తువాలు మీద పడుతున్నది. తువాలు అప్పటికే అంటుకున్నది. ఆ పక్కనే తొట్టిలో మనుమడు నిద్రపోతున్నాడు. అత్తయ్య పెద్దగా చదువుకోలేదు గాని ముందు మెయిను స్విచ్చు దించినది, తరువాత బిడ్డను ఎత్తుకున్నది, ఆ తరువాతనే అరిచినది. ఇరుగుపొరుగు వచ్చి తడి గోనెపట్టాలు కప్పి ఆర్పినారు. బిడ్డ క్షేమం. అలమారు పలక మీద జానెడు నల్లమచ్చ ఇప్పటికీ ఉన్నది. పలక మార్పిస్తామంటే అత్తయ్య ఒప్పుకోదు.

“ఆ పెట్టెను కూడా ఎవరో ఒక గుమాస్తా కాగితం వ్రాసే పంపి ఉంటాడు అయ్యా” అన్నాము. యజమాని మాట్లాడలేదు. కాసేపటికి, “అంటించవద్దులే” అన్నారు. అంతే. కాని డబ్బు ఎక్కడినుంచి రావాలన్న ప్రశ్న అట్లాగే మిగిలినది.

ఆ చిక్కు విడిపోయినది ఇంజనీరు వల్ల కాదు, మా వల్లా కాదు. యజమాని మమ్మల్ని ఆ ప్రకరణం కన్నడంలో వ్రాసి షాపులో అతికించమన్నారు, ఇకముందు పనివారికి తెలిసి ఉండాలని. మేము కూర్చుని వ్రాయబోతే మొదటి మాట దగ్గరనే ఆగిపోయినాము. నిప్పును లోపలే ఆపే పెట్టెకు ఇంగ్లీషులో ఉన్న పేరును మాటకు మాట తెలుగులో పెడితే ‘అగ్గిపెట్టె’ అవుతుంది. కన్నడంలో పెడితే ‘బెంకిపెట్టిగె’ అవుతుంది. అదీ అగ్గిపెట్టే! మేస్త్రీగారికి చెబితే కడుపు పట్టుకుని నవ్వినారు. కడకు, ‘బెంకి హొరగె బారదంతె తడెయువ పెట్టిగె’, అనగా నిప్పు బయటికి రాకుండా అడ్డుకునే పెట్టె అని విడమరచి వ్రాసినాము. కన్నానికి మాత్రం కష్టపడలేదు. మన తూటు, వారి తూతు అక్కచెల్లెళ్ళే గదా!

వ్రాసినది ఆయనకు చదివి వినిపిస్తూ ఉంటే మేస్త్రీగారు మధ్యలో ఆపి, “కెళగె ఏను బీళుత్తె స్వామీ?” అన్నారు. కిందికి ఏమి పడుతుంది అని. మండే బొట్టు పడుతుందన్నాము. ఆయన తడుముకోకుండా, “హాగాదరె కెళగె ఒందు తట్టె ఇట్టరె సాకల్లవా?” అన్నారు. అట్లాగైతే కింద ఒక పళ్ళెం పెడితే చాలదా అని!

మేము గ్రంథం మళ్ళీ తిరగవేసినాము. అడుగు నియమాల జాబితాలో పట్టిక ఒక్కటే కాదు, ‘లేదా’, ‘లేదా’ అంటూ ఇంకా ఉన్నవి. వాటిలో ఒకటి: లోపల ఒక అడ్డుతెర ఉండి, మండే వస్తువు దానిమీదనే పడేటట్లయితే, దాని కింద కన్నం ఎంతదైనా ఉండవచ్చు. ఇంజనీరు ఇన్నాళ్ళూ పట్టిక దగ్గరనే కళ్ళు నిలిపి, అన్ని నియమాలూ కలిసి రావాలన్నట్టు చదివినాడు. సర్కారు ఫారాలు నింపిన మాబోటి వారికి ‘లేదా’ విలువ తెలుసు. ‘అనవసరమైనది కొట్టివేయుము’ అన్న చోట ఒకటే నిలుస్తుంది, మిగతావి పోతాయి.

దీపం కుంది కింద పళ్ళెం పెట్టడం మన ఇళ్ళలో ఎవరు నేర్పినారు? నూనె కారితే, వత్తి జారితే పళ్ళెంలో పడాలని గదా! మేస్త్రీగారి బుర్రకు తోచినదీ అదే. ఆ రాత్రికే ఇంజనీరు గీత గీసినాడు. కెపాసిటరు, ట్రాన్స్‌ఫార్మరు కింద అంచులు పైకి మడిచిన ఒక రేకు పళ్ళెం, 5 డిగ్రీల వాలుగీత పక్క రేకును కాక పళ్ళెం అంచు లోపలి భాగాన్నే తగిలేటట్లు. పళ్ళెం చుట్టూ గాలికి ఎడం విడిచినారు. కొత్త డై అక్కరలేదు, వంచే యంత్రం చాలు. పెట్టె మళ్ళీ పరీక్షకు పోయినది, నెగ్గి వచ్చినది. వాగ్దానపత్రం మేము టైపు చేసినాము. ఉన్నదున్నట్టు వ్రాసే కాగితానికి వేళ్ళు తేలికగా ఆడుతాయి.

కథ ఇక్కడ ముగిస్తే బాగుండేది. కాని పళ్ళెం లేని పెట్టెలు పరీక్షకు ముందే, మాదిరికని, పరిచయస్థులకని కొన్ని బయటికి పోయి ఉన్నవి. అవి ఎక్కడెక్కడ ఉన్నవో మా రవాణా పుస్తకంలో ఉన్నది. యజమాని ఆ పుస్తకం తెప్పించుకుని పేజీలు తిప్పి, “అందరికీ ఉత్తరాలు వ్రాయి, పళ్ళెం మన ఖర్చుతోనే బిగించి ఇస్తామను” అన్నారు. వ్రాసినాము. చాలామంది పెట్టెలు పంపినారు. కొందరి వద్దకు మనిషే వెళ్ళి బిగించి వచ్చినాడు. రెండు ఉత్తరాలు ‘ఈ చిరునామాలో లేరు’ అని తిరిగి వచ్చినవి. ఆ రెండు పెట్టెలు ఏ గోడకు వేలాడుతున్నవో, వాటి కింద ఏమున్నదో తెలియదు. ఏ దినపత్రికలోనైనా షార్ట్ సర్క్యూట్ అన్న మాట కనబడితే ఊరి పేరు చూడనిదే మాకు కాఫీ మింగుడు పడదు.

ఆ గ్రంథానికి కూడా కాలం చెల్లినది. 2010లో ఐ.ఇ.సి. వారు 62368-1 అనే కొత్త ప్రమాణాన్ని వెలువరించినారు. 2020 డిసెంబరు 20 నుంచి ఐరోపాలో పాతదాని స్థానం దానిదే. సంఖ్య మారినది, చెప్పే పద్ధతి మారినది, అడుగు కన్నాల చింత మాత్రం పోలేదు. మండే బొట్టు కిందికే పడుతుంది గనుక పోదు.

మన కోలారు బంగారు గనులకు శివసముద్రం నుంచి విద్యుత్తు వచ్చినది 1902లో. బెంగుళూరు వీధిదీపాలకు 1905లో. ఆ గనులలో పనిచేసిన తెలుగు కుటుంబాల పిల్లలము మనలో ఎందరో ఉన్నాము. నాడు విద్యుత్తు ఊరికి ఒక వింత. నేడు ఇంటికి పది పెట్టెలు, ప్రతి పెట్టెకూ కన్నాలు. అందుచేత గృహిణులకు, గృహస్థులకు నాలుగు మాటలు చెప్పి ముగిస్తాము.

పెట్టె కన్నాలు మూయకండి. టెలివిజను మీద లేసుగుడ్డ అందమే, కాని లోపలి వేడికి అది కంబళి. అట్లాగని వేడెక్కుతున్నదని స్క్రూడ్రైవరుతో కొత్త కన్నాలు పొడవకండి. పాత కన్నం ఎక్కడ ఉండాలో ఎవరో ఒకరు గీత గీసి నిర్ణయించినారు, మీరు పొడిచే కన్నానికి ఆ గీత తెలియదు. గోడకు నిలువుగా తగిలించవలసిన దానిని అడ్డంగా పడుకోబెట్టకండి. పడుకోబెడితే పక్క అడుగవుతుంది, అడుగు పక్క అవుతుంది, లెక్క అంతా తారుమారు. స్టెబిలైజరు కింద, ఇంటర్నెట్టు పెట్టె కింద, చార్జరు కింద గుడ్డ పరచకండి, పాత పత్రికలు పేర్చకండి — ఈ పత్రికను కూడా! పైన పూలకుండీ, కుంకుమ భరిణె, అగరువత్తి పెట్టకండి. కొనేటప్పుడు బి.ఐ.ఎస్. రిజిస్ట్రేషను సంఖ్య ఉన్నదా అని చూడండి. కాలిన వాసన వస్తే మా అత్తయ్య వరుస జ్ఞాపకం పెట్టుకోండి: ముందు మెయిను స్విచ్చు, తరువాత బిడ్డ, ఆ తరువాత కేకలు. కరెంటు ఉన్న పెట్టె మీద మాత్రం నీళ్ళు పోయకండి.

ఇది చదివి మీలో ఒక్కరైనా లేచి వెళ్ళి, అలమారు మీది పెట్టె కింద ఉన్న తువాలును లాగివేస్తే మేము ఇంత కాగితం ఖర్చు చేసినందుకు ఫలితం దక్కినట్టే. ఆ తువాలును ఉతికి ఆరవేసుకోండి. మరొక పనికి వస్తుంది.